ఇంటికి సీల్ వేశారు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు. ఆయన రోజు మొత్తంలో మాట్లాడేదే నాలుగు ముక్కలు, అందులో ఒకటి ఇది. ఉండదూ మరి? పడమటి ఎండంతా పడే గోడ పక్కన, నెత్తిన ఉత్త స్లాబు పెట్టుకుని, గదినిండా పిల్లల్ని మధ్యాహ్నం పూట నిద్రపుచ్చమనండి ఎవరినైనా. అప్పుడు తెలుస్తుంది కోపం ముక్కు మీద ఆగుతుందో, నడినెత్తికెక్కుతుందో.

మాది కింద గోడౌను, పైన ఇల్లు. ముందుగది బాగా పెద్దది. ఉద్యోగాలకెళ్ళే తల్లుల పిల్లల్ని ఏళ్ళ తరబడి ఆ గదిలోనే చూసుకుంటున్నాను. పెద్ద పేరేమీ పెట్టలేదు, అందరూ క్రెష్ అంటారు, నేనూ అదే అంటాను. మాకు పిల్లల్లేరు. ఎవరి జాలి కోసమో చెప్పడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను. పొద్దున్నే ఆ గది నిండితే నాకు రోజు మొదలైనట్టు. ఆదివారం ఆ గదిలోకి తొంగిచూడబుద్ధి కాదు.

ఎండలు ముదిరాక ఆ గది గది కాదు, కొలిమి. ఏసీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుర్రుగుర్రుమంటూనే ఉండేది. దాని కిందే నిలబడితే చల్లగా ఉండేది, రెండడుగులు ఇవతలికొస్తే షరా మామూలే. పిల్లలు చాప మీద పొర్లేవాళ్ళు, ఒకళ్ళనొకళ్ళు తన్నుకునేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు. నిద్ర అన్నమాటే లేదు.

అందరికన్నా ఎక్కువ గోల ఒక పాప తల్లిది. ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. నేను చాటుగా రక్తాలమ్మ అంటాను. అక్కడ సూదితో తీస్తుంది, ఇక్కడికొచ్చి మాటతో తీస్తుంది.

"అక్కా, పాప వీపు చూడండి, ఎలా పేలిందో."

"ఎండాకాలం పేలకపోతే ఎప్పుడు పేలుతుందమ్మా?"

"మీ దగ్గరికి పంపడం మొదలెట్టాక ఒక్క మధ్యాహ్నమైనా ఇది కునుకు తీసిందా? ఇంటికొచ్చాక నా కాళ్ళకి చుట్టుకుని ఒకటే రాగం. నేను వంట చెయ్యనా, దీన్ని ఎత్తుకుని తిరగనా?"

"నువ్వు చిన్నప్పుడెలా ఉండేదానివో మీ అమ్మనడుగు."

అంతటితో ఊరుకునే మనిషి కాదు. ఒకరోజు మెట్లు దిగుతూ ఆగి, వెనక్కి తిరిగి, చాలా మామూలుగా చెప్పింది. "నెలాఖరు దాకా చూస్తానక్కా. గది ఇలాగే ఉంటే పాపని మలుపు దగ్గర పెట్టిన కొత్త క్రెష్‌లో వేస్తాను. కోపం తెచ్చుకోకండి."

కోపం కాదు, భయం వేసింది. ఈవిడ వెళ్ళిందంటే తక్కినవాళ్ళూ వెళ్ళిపోతారు. తల్లులందరికీ ఫోన్లో ఓ గ్రూపుంది, అందులో ఒకళ్ళు తుమ్మితే అందరికీ జలుబు చేస్తుంది. కొత్త క్రెష్‌కి అద్దాల తలుపులు, గోడల మీద బొమ్మలు. నాకేముంది? ఈ గది, నా గొంతు. పిల్లలు పోతే ఆ గదిలో ఉత్త చాపలే మిగులుతాయి. ఆ చాపల్ని చూస్తూ కూచోవడం నా వల్ల కాదు.

అప్పుడు పిలిపించాం నురగ మేస్త్రిని. ఇళ్ళకి వేడి, చలి దూరకుండా పలకలు వేసి, సందుల్లో నురగ కొట్టే మనిషి. గొప్పలు చెప్పుకోవడంలో ఆయన తర్వాతే ఎవరైనా. స్టూలెక్కి స్లాబుకి అరచెయ్యి ఆనించి, చటుక్కున తీసేశాడు.

"అమ్మా, ఇది స్లాబు కాదు, పెనం. పెనం కింద ఏసీ పెట్టుకుని చల్లబడటం లేదంటే ఎలా?"

తర్వాత వీధి తలుపు తీసి, ఆ చోటంతా మందపాటి గుడ్డతో మూసి, మధ్యలో పెద్ద ఫ్యాను బిగించాడు. ఫ్యాను లోపలి గాలిని బయటికి లాగేస్తుంటే, ఒక పొగ పుల్ల పట్టుకుని కిటికీల దగ్గర, ఏసీ పైపు కన్నం దగ్గర, స్విచ్చు బోర్డుల దగ్గర తిరిగాడు. ఎక్కడ సందుంటే అక్కడ బయటి గాలి తోసుకొచ్చి పొగ మా మొహాన కొట్టింది. ఇల్లు కట్టించిన మా మామగారి పనితనం ఆ రోజు బాగా బయటపడింది.

"ఇవన్నీ కలిపితే ఏనుగు దూరుతుందమ్మా."

"ఏనుగు సంగతేమో గానీ, మా కరెంటు బిల్లంతా అందులోంచే పోతోంది. కానివ్వండి."

చేతిలో ఉన్నదంతా పెట్టి పని మొదలెట్టించాం. స్లాబు మీద నురగ పలకలు పరిచి పైన తెల్ల పెంకులు. గదిలో పడమటి గోడకి పలకలు బిగించి మీద నున్నటి పూత. కిటికీల చుట్టూ నురగ, అది బెత్తెడు కొట్టగానే పొంగి మూరెడవుతుంది. తలుపు అంచులకి రబ్బరు పట్టీ. పైన ఒక మూల మాత్రం చిన్న కన్నం వదిలి బుల్లి ఫ్యాను పెట్టాడు. "సందులు మూసేది వేడి రాకుండా ఉండటానికి, ఊపిరాడకుండా చెయ్యడానికి కాదు" అన్నాడు. ఆ మాట మాత్రం నాకు నచ్చింది.

పని జరిగినన్నాళ్ళూ పిల్లల్ని రానివ్వకూడదు. నురగ ఆరేదాకా వాసన ఘాటు. తల్లులకి చెప్పాలి. నేనేమో చేతులనిండా సామాన్లు, గది ఖాళీ చేస్తున్నాను. మా ఆయనకి చెప్పాను.

మా ఆయన బోర్డులు రాస్తాడు. కొట్లకి, ఆఫీసులకి, ఎవరు రాయించుకుంటే వాళ్ళకి. అందులోనూ ప్రభుత్వ ఆఫీసుల బోర్డులంటే ఊళ్ళో ఆయన చెయ్యే. ఆ పనివల్లే పొదుపు అలవాటైంది. ఒక్క అక్షరం తగ్గించగలిగితే తగ్గిస్తాడు. పెళ్ళిచూపుల్లో నన్ను అడిగింది కూడా ఒకటే ముక్క, "సరేనా?" అని.

"ఏమండీ, కింద గేటుకి ఓ బోర్డు రాసి పెట్టండి. గదికి పలకలు వేయిస్తున్నాం, సందులన్నీ మూసి సీల్ వేస్తున్నారు, వాసన పిల్లలకి పడదు, సోమవారం దాకా తీసుకురావద్దు, సోమవారం నుంచి గది హాయిగా ఉంటుంది అని రాయండి. ఫొటో తీసి నా ఫోన్లోంచి గ్రూపులో కూడా పెట్టండి."

ఆయన తలూపాడు. కాసేపటికి పిలిచి చూపించాడు. తెల్ల రేకు మీద ఎర్ర రంగుతో, అచ్చం ఆఫీసు అక్షరాలు.

*ఇంటికి సీల్ వేశారు. సోమవారం దాకా రావద్దు.*

"అంత ఎరుపెందుకండీ?"

"మిగిలింది అదే."

"బాగుంది, కట్టెయ్యండి" అన్నాను. నా బుర్రనిండా నురగే ఉంది. సీల్ అంటే నాకు నురగే. ఇంకో అర్థం ఉందని తట్టలేదు. మేస్త్రి మనుషులేమో మెట్ల దగ్గర ఎవరూ ఎక్కకుండా పసుప్పచ్చ టేపు అడ్డంగా కట్టారు. వాళ్ళ ఒంటి మీద ఒకేరకం నీలం బట్టలు, మొహాలకి మాస్కులు.

మర్నాడు పక్కింటి పిన్నిగారు ప్రహరీ అవతలి నుంచి పిలిచింది. గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి మరీ పిలిచింది.

"ఏమ్మా, నిజమేనా?"

"నిజమే పిన్నిగారూ. కళ్ళకి కనిపిస్తోందిగా."

"మరీ గట్టిగా వేశారా?"

"అబ్బో! ఒక్క సందు వదిలితే ఒట్టు. పూచికపుల్ల దూరదు."

"మరెప్పుడు తీస్తారు?"

"తియ్యడమేంటి! ఒకసారి వేశాక ఇక తీసే పనే లేదు."

ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో అయ్యో. మీ ఆయనేడీ?"

"ఆయన లోపలే ఉన్నారు."

"లోపలా! అప్పుడేనా!"

"పొద్దుటి నుంచీ లోపలే. ఎవరో ఒకరు ఉండాలి కదా, నేనే ఉండమన్నాను. ఇదిగో, ఇప్పుడు భోజనం పట్టుకెళ్ళాలి."

పిన్నిగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నువ్వు గుండెదిటవు గల పిల్లవమ్మా" అంది. మొగుడికి అన్నం పట్టుకెళ్ళడానికి గుండెదిటవు దేనికో నాకర్థం కాలేదు. వంటింట్లో వాసనగా ఉందని హోటల్ నుంచి పొట్లాలు తెచ్చుకుంటున్నాం, అంతే. పెద్దావిడ, ఏదో పరధ్యానం అనుకున్నాను. పాలబూతు అతను కూడా "ధైర్యంగా ఉండండమ్మా, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. మేస్త్రి చాలా మంచివాడని చెప్పాను. అతను తల దించుకున్నాడు.

సోమవారం వచ్చింది. మేస్త్రి మనుషులు టేపు విప్పి, సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. వాసన పోయింది. పొద్దున్నే లేచి గది కడిగి, కాసేపు ఏసీ వేసి ఆపేశాను. ఆపాక కూడా గది చల్లగానే ఉంది. గోడకి చెయ్యి ఆనించాను, తెల్లారినా వేడి దిగని పడమటి గోడే, కాలలేదు. అంత సంతోషం ఈ మధ్య నాకెప్పుడూ కలగలేదు. చాపలు పరిచి, దుప్పట్లు మడతలు పెట్టి, గుమ్మంలో నిలబడ్డాను.

ఒక్కళ్ళూ రాలేదు.

ఆలస్యమైందేమో అనుకున్నాను. ఇంకాసేపు చూశాను. గ్రూపులో ఉలుకూ పలుకూ లేదు. కవలల తల్లి బట్టలకొట్లో పనిచేస్తుంది, గ్రూపుకి పెద్ద దిక్కు ఆవిడే. ఆవిడకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మరొకావిడ ఎత్తి, "బాబుని మా అత్తగారింటికి పంపామండీ, మళ్ళీ చేస్తాను" అని గబుక్కున పెట్టేసింది. చెంబెడు నీళ్ళు నెత్తిన కుమ్మరించినట్టయింది. అందరూ కలిసి కొత్త క్రెష్‌కి పోయారు. గది చల్లబడ్డాక పోయారు! ముందే పోయి ఉంటే ఇంత ఖర్చయినా తప్పేది.

"చూద్దాం" అన్నాడు మా ఆయన.

"ఏం చూస్తారు? ఉత్త చాపలు చూస్తారా?" అని విరుచుకుపడ్డాను. ఆయన మీద అరిచాను, మేస్త్రి మీద అరిచాను, ఆ రక్తాలమ్మ నోరు పడిపోను అన్నాను. ఇంతలో కింద పాప గొంతు వినిపించింది.

పరుగున దిగాను. రక్తాలమ్మే. ఒక చేత్తో పాపని ఎత్తుకుని, రెండో చేత్తో మెట్ల కింద నీడలో చాప పరుస్తోంది. పక్కన నీళ్ళ సీసా, గొడుగు, విసనకర్ర.

"ఇదేంటమ్మా?"

"పైకి రాకూడదు కదక్కా. ఇక్కడైతే నీడుంది, ఎవరూ ఏమనరు. సాయంత్రం కాస్త తొందరగా వచ్చి తీసుకెళ్తాను." ఆగి, చుట్టూ చూసి, "ఇంతకీ మీరు లోపలికెలా వెళ్ళారు? వెనకనుంచా?"

"నా ఇంట్లోకి నేను వెనకనుంచి వెళ్ళడమేంటి?"

"సీల్ వేశాక అధికారులు ఊరుకుంటారా?"

"ఏ అధికారులు?"

ఆవిడ గేటు వైపు చూపించింది. బోర్డు ఇంకా అక్కడే ఉంది. ఎర్రటి ఆఫీసు అక్షరాలు. నేను ఈసారి బయటివాళ్ళలా చదివాను. ఓరి నాయనో! పిన్నిగారి కన్నీళ్ళు, పాలబూతు ధైర్యం, మా ఆయన లోపల ఉండటం, అన్నీ ఒక్కసారి తలకెక్కాయి. నవ్వొచ్చింది. పగలబడి నవ్వాను. నవ్వుతూనే, పలకల సంగతి, నురగ సంగతి చెప్పాను. ఆవిడ నోరు తెరిచింది.

"మరి మా మీద ఏమని సీల్ వేశారనుకున్నారమ్మా?"

"పోనిద్దురూ అక్కా."

"చెప్పు."

"పిల్లలకి పాలల్లో మత్తుమందు కలిపి పడుకోబెడుతున్నారని. ఎవరో ఫిర్యాదు చేస్తే వచ్చి మూసేశారని. మీ ఆయన్ని తీసుకెళ్ళారని."

నవ్వు ఆగిపోయింది. మెట్టు మీద కూలబడ్డాను. వాళ్ళ పిల్లల ముక్కులు తుడిచాను, ఒళ్ళు వేడిగా ఉంటే ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. తల్లులు ఆలస్యంగా వస్తే ఒక్కరోజు ముఖం చిట్లించలేదు. సరే, చిట్లించాను, కానీ పిల్లల్ని చూసి కాదు. ఇన్నేళ్ళలో ఒక్కళ్ళకైనా ఫోన్ చేసి ఏమైందని అడగాలనిపించలేదా? నన్ను కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు.

"నువ్వూ నమ్మావా?"

"సీల్ వేశారంటే నమ్మానక్కా. బోర్డు కళ్ళారా చూశాక నమ్మకేం చేస్తాను? మత్తుమందు మాట మాత్రం నమ్మలేదు. మీరు లేకుండా తల్లులం పెట్టుకున్న వేరే గ్రూపులో కూడా అదే పెట్టాను. మా పాప అక్కడ ఒక్కరోజు కునుకు తీస్తే ఒట్టు, మత్తుమందిచ్చే మనిషైతే ముందు దీనికే ఇచ్చి నా నోరు మూయించేది అన్నాను. ఒక్కళ్ళూ పలకలేదు." పాప జుట్టు సవరించింది. "సీల్ వేస్తే వేశారు, మీరు మెట్ల మీదైనా కూచోబెట్టుకుంటారు కదా అని తెచ్చేశాను. మిమ్మల్ని కాదని ఎవరి దగ్గర వదలను?"

నెలాఖరుకి మానేస్తానన్న మనిషి ఈవిడే. నేను మాట్లాడలేకపోవడం, వెనకే మెట్లు దిగొచ్చిన మా ఆయన అదే మొదటిసారి చూశాడట, తర్వాత చెప్పాడు.

పాపని పైకి తీసుకెళ్ళాను. ఆవిడ డ్యూటీకి పరుగెత్తుతూ, "అందరికీ నేను ఫోన్ చేసి గడ్డి పెడతాను" అంది. మా ఆయన్ని నిలదీశాను. "ఆ ఒక్క వాక్యం సరిగ్గా రాయడానికి మీ సొమ్మేం పోయిందండీ?" "నువ్వే చదివి బాగుందన్నావు" అన్నాడు. ఆయన రోజు మొత్తంలో మాట్లాడే నాలుగు ముక్కల్లో ఒకటి ఇలా నా మీదే ఖర్చుపెట్టాడు. వెళ్ళి బోర్డు విప్పేశాడు.

మధ్యాహ్నం ఎండ మామూలుగానే పేల్చేసింది. గదిలో మాత్రం దాని జాడ లేదు. పాప అన్నం తిని, ఒక్కతే ఖాళీ గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి పరుగెత్తి, చాప మీద వాలి, జోకొట్టేలోపే పడుకుంది. దుప్పటి కప్పాను. కదల్లేదు. ఇంత హాయిగా పడుకునే పిల్లని ఇన్నాళ్ళూ వేపుకు తిన్నామా అనిపించింది. పక్కనే కూచుని చూస్తూ ఉండిపోయాను.

సాయంత్రం ఆవిడ వచ్చేసరికి పాప ఇంకా నిద్రలోనే ఉంది. నేను పాలు తేవడానికి వంటింట్లోకి వెళ్ళాను. గ్లాసు పట్టుకుని వస్తుంటే వినిపించింది, "బుజ్జీ, బుజ్జీ." పాప లేవలేదు. ఆవిడ భుజం పట్టుకుని కదిపింది. లేవలేదు. ఆవిడ మొహంలో రంగు మారింది. వంగి, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. పొద్దున మిమ్మల్ని కాదని ఎవరి దగ్గర వదలను అన్న మనిషి! పాప విసుక్కుని, తల్లి చేతిని తోసేసి, దుప్పటి మీదికి లాక్కుని అటు తిరిగి పడుకుంది. ఆవిడ ఊపిరి వదిలి తలెత్తింది. నన్ను చూసింది. నేను చూశానని ఆవిడకి తెలిసింది.

కోప్పడదామనుకున్నాను, కోపం రాలేదు. మత్తుమందు మాట చెవిన పడ్డాక ఏ తల్లైనా వేలు పెట్టి చూస్తుంది. నేనైనా చూసేదాన్నే. ఆ సంగతి తెలిసినా బాధ బాధే. పాల గ్లాసు ఆవిడ చేతికిచ్చాను.

"పాప లేచాక ఇవ్వనా?" అంది.

"నీకే. తాగు."

ఆవిడ ఒక్క క్షణం గ్లాసులోకి చూసింది. తర్వాత గటగటా తాగేసింది. మూతి తుడుచుకుని, "పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నానక్కా. ఐదు నిమిషాలు కూచుంటాను, అది లేస్తుంది" అంటూ పడమటి గోడకి వీపు ఆనించి కాళ్ళు చాపుకుంది. నేను గ్లాసు కడిగి వచ్చేసరికి మెడ పక్కకి వాలిపోయింది. తల్లీ కూతుళ్ళిద్దరికీ ఒకటే గురక, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. కవలల తల్లి, వెనక ఇంకో ఇద్దరు. పొద్దున రక్తాలమ్మ పెట్టిన గడ్డి బాగానే పనిచేసినట్టుంది. తలుపు ఓరగా తీసి, మొహాలు వేలాడేసుకుని నిలబడ్డారు. ఏదో చెప్పబోయి కవలల తల్లి లోపలికి చూసింది. గోడకి చేరగిలబడి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్న మనిషిని చూసింది. పక్కన పాపని చూసింది. కళ్ళు ఇంతేసి చేసుకుని నా వైపు తిరిగింది.

"ఈవిడకి కూడానా?" అంది గుసగుసగా.

"ఆఁ, ఇచ్చాను" అన్నాను. "చల్లటి గది ఇచ్చాను. నీకూ కావాలంటే చెప్పులు విప్పి లోపలికి రా. ముందా తలుపు వెయ్యి, వేడి దూరుతోంది."

ఆవిడ కాసేపు గుమ్మంలోనే నిలబడింది. తర్వాత చెప్పులు విప్పి, మునివేళ్ళ మీద లోపలికొచ్చి, తలుపు తనే మూసింది.